చెడిపోతే తప్ప రావద్దు

ఆటోలోంచి ముందు మెషిన్ దిగింది, దాని వెనకాల ఇవాన్ దిగాడు.

షాపులో ఇంజన్ విప్పుకుని కూర్చున్న హదస్సాకు చూడగానే ఒళ్ళు మండింది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంజన్లు బాగుచేసేవాళ్ళు వేరే లేరా? సైనిక్‌పురి నుంచి వచ్చే దారిలోనే ఎన్ని షాపులు తగులుతాయి! అవన్నీ దాటుకుని ఈ మహానుభావుడు నేరుగా ఇక్కడికే వస్తాడు.

"వందనాలు అంకుల్," అన్నాడు ఇవాన్, లోపల పేపరు చదువుకుంటున్న ఆమె తండ్రి జకర్యాతో. తర్వాత హదస్సా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మేడమ్... స్టార్ట్ అయితలేదు."

"మళ్ళా ఏం జేసిన్రు?"

"ఏం జెయ్యలే. నిన్న మంచిగనే ఉండె."

"నిన్న మంచిగుంటే ఇయ్యాల ఎందుకు సచ్చింది?"

ఇవాన్‌ది ప్రెషర్ వాషర్ పని. పెట్రోల్‌తో నడిచే ఆ మెషిన్‌తో పాకుడు పట్టిన బండలు, కాంపౌండు గోడలు, పోర్టికోలు కడుగుతాడు. మనిషి మంచివాడే, పనీ శుభ్రంగానే చేస్తాడు. మెషిన్‌ని చూసుకోవడమే చేతకాదు. మొదటిసారి ట్యాపు తిప్పడం మరిచిపోయి, చుక్క నీళ్ళు లేకుండా ఇంజన్ నడిపి పంపు సీళ్ళు కాల్చేశాడు. ఆ తర్వాత సైనిక్‌పురిలో బండలు కడిగించుకునే డోరా ఆంటీ తన మనవరాలి పెళ్ళి ముచ్చట చెబుతుంటే, నీళ్ళు చిమ్మే గన్ను వదిలేసి, ఇంజన్ మాత్రం ఆపకుండా నిలబడి విన్నాడు. పెళ్ళి కథ భోజనాల దాకా వచ్చేసరికి లోపలి నీళ్ళు కాగి పంపు పనికిరాకుండా పోయింది.

హదస్సా ఎయిర్ ఫిల్టర్ మూత తీసింది. స్పాంజి తడిసి ముద్దగా ఉంది. పిండితే నీళ్ళు కారాయి.

"దీన్ని కడిగిన్రా?"

"జెర మట్టి పట్టింది మేడమ్. నీట్‌గ ఉండాలె కదా అని..."

"దేనితోని కడిగిన్రు?"

"దాంతోనే."

"నడుస్తున్న మెషిన్‌కు దాని గన్నుతోనే స్నానం పోసిన్రా?"

"షాంపూ సుత పెట్టిన," అన్నాడు ఇవాన్. దాచడం అతనికి రాదు.

పేపరు వెనకాల జకర్యా నవ్వాపుకోలేక దగ్గాడు. "బిడ్డా, పిల్లగాడు మెషిన్ కోసమే వస్తుండా, ఇంక దేనికోసమన్న వస్తుండా, జెర కనుక్కో."

పొద్దున పక్క హార్డ్‌వేర్ షాపు ఓంప్రకాశ్ కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు. అంటే వీధంతా అనుకుంటోందన్నమాట! హదస్సా చెవులు వేడెక్కాయి.

"కావాలనే చెడగొడుతున్నరా మీరు?"

ఇవాన్ ముఖం చిన్నబోయింది. "అన్నం పెట్టే మెషిన్ మేడమ్. కావాలని ఎట్ల చెడగొడ్త?"

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ కోపం కూడా ఇంజన్ లాంటిదే, ఒకసారి అందుకున్నాక వెంటనే ఆగదు. ఆమె అతన్ని మెషిన్ ముందు కూర్చోబెట్టి చివాట్లతో కలిపి పాఠం చెప్పింది.

"ముందు ట్యాపు. గన్ను నొక్కి గాలి పోగొట్టి, అప్పుడు స్టార్టర్ తాడు గుంజాలె. ముచ్చట్లు పెట్టేదుంటే ఇంజన్ బంద్ చెయ్యాలె. షురూ చేసే ముందు ఆయిల్ చూడాలె. మన బోరు నీళ్ళల్ల ఇసుకుంటది, నీళ్ళొచ్చేకాడ ఇసుక ఆపే జాలి కడగాలె. వాడనప్పుడు పాత పెట్రోల్ తీసెయ్యాలె. చెడిపోయినంక తెస్తే రిపేరు, చెడిపోకముందు తెస్తే సర్వీసింగ్!"

షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఆమె చెప్పే మాటే ఇది. ఆ ఊపులోనే నోరు జారింది.

"అయినా మీకు చెప్పుడు దండగ. ఇగ ఇది చెడిపోతే తప్ప ఈ గడప తొక్కొద్దు. సమజయిందా?"

"సమజయింది మేడమ్," అన్నాడు ఇవాన్.

వానలు మొదలయ్యాయి. వానాకాలంలో పాకుడు పట్టని బండ ఉండదు, ఇవాన్ మెషిన్‌కు తీరిక ఉండదు. ఇంత పని పడితే ఏదో ఒకటి ఊడుతుంది, పరిగెత్తుకుంటూ వస్తాడు, అప్పుడు చెబుతాను ఇతని పని అనుకుంది హదస్సా.

రాలేదు.

జల్లు పడుతుంటే షాపు ముందు ఆటో ఆగిన ప్రతిసారీ ఆమె తల దానంతటదే లేచేది. దిగేది ఏ మిక్సీ మోటారో, గడ్డి కోసే మెషినో. తనకే తన మీద చిరాకేసేది.

"ఇవాన్ వస్తలేడేంది?" అన్నాడు జకర్యా ఒకరోజు.

"మెషిన్ మంచిగ నడుస్తుందేమో."

"మంచిదే కదా బిడ్డా. మరి గట్ల మూతి ముడుచుకున్నవేంది?"

"నేనేం ముడుచుకోలే!" అంటూ ఆమె స్పార్క్ ప్లగ్‌ని ఎంత కసిగా బిగించిందంటే, దాని మరలు కాస్తా అరిగిపోయాయి. ఆమె చేతిలో అలా జరగడం జకర్యా ఎన్నడూ చూడలేదు. పేపరు పైకెత్తుకున్నాడు.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది హదస్సాకు. మెషిన్ చెడిపోకుండా ఎలా చూసుకోవాలో పూసగుచ్చినట్టు తానే నేర్పింది. గడప తొక్కొద్దని తానే అంది. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి? ఒకవేళ వేరే షాపుకు పోతున్నాడేమోనన్న ఆలోచన వచ్చిన రోజు అన్నం సహించలేదు. అతన్ని చూడాలని ఉంది. ఉన్నమాట అదే. ఆ మాట ఇక ఎప్పటికీ చెప్పే వీలు లేకుండా తానే తరిమేసుకుందేమోనని భయంగా కూడా ఉంది.

సమాధుల పండుగకు ముందురోజు తండ్రీ కూతుళ్ళు సున్నం బకెట్టు, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళారు. ఏటా ఈరోజు ఆమె తల్లి ఆలిస్ సమాధిని ఇద్దరూ కడిగి, సున్నం వేస్తారు.

గేటు దగ్గరే ఇంజన్ చప్పుడు వినిపించింది. ఎక్కడా దగ్గు లేదు, గురక లేదు. ఆ ఇంజన్‌ని హదస్సా ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

ఆలిస్ సమాధి అప్పటికే తళతళలాడుతోంది. పక్క వరుసలో ఇవాన్ మోకాళ్ళ దాకా తడిసి బండలు కడుగుతున్నాడు. ఆమెను చూశాడు. ముందు ఇంజన్ ఆపాడు. ఆ తర్వాతే, "వందనాలు మేడమ్," అన్నాడు.

హదస్సా నేరుగా మెషిన్ దగ్గరికి నడిచింది. ఆయిల్ చూసింది, తేనె రంగులో ఉంది. ఎయిర్ ఫిల్టర్ పొడిగా ఉంది. నీళ్ళ జాలిలో ఒక్క ఇసుక రేణువు లేదు. ఒక్కొక్కటీ బాగున్నకొద్దీ ఆమెకు కోపం పెరిగింది.

"ఏ షాపుకు తీస్కపోతున్నరు దీన్ని?"

"ఏ షాపుకూ లేదు. నేనే చూసుకుంటున్న. మీరు చెప్పిన్రు కదా."

"ఇంత వానాకాలంల ఒక్కసారి సుత చెడిపోలేదా?"

"చెడిపోతలేదు మేడమ్!" ఇవాన్ గొంతులో అంత విసుగు ఆమె ఎప్పుడూ వినలేదు. "నన్నేం జెయ్యమంటరు? చెడిపోతే తప్ప రావద్దంటిరి. రోజు పొద్దుగాల తాడు పట్టుకుని అనుకుంట, ఇయ్యాలన్న మొండికేస్తే బాగుండు, పోయి మేడమ్‌ను చూసొస్త అని. ఒక్క గుంజుకే లేస్తది దరిద్రపుది! ఒకరోజు ఆయిల్ పొయ్యకుంటనే నడుపుదామనుకున్న. చేతులు రాలే. మీరు అంత తక్లీఫ్ పడి బాగుచేసిందాన్ని ఎట్ల చెడగొడ్త?"

హదస్సాకు నవ్వొచ్చింది. దాని వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. రెండూ దాచుకోవడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే.

"చెడిపోకముందే రావాలె! సర్వీసింగ్ అంటే గదే. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

"మరి గడప తొక్కొద్దంటిరి?"

"కోపంల అన్న! నేను చెప్పినయన్నీ ఇడిసిపెట్టి గదొక్కటే పట్టుకుంటరా? ఆటో ఆగినప్పుడల్లా మీరేనేమో అని చూసి చూసి నా మెడ పట్టేసింది, ఎరుకేనా?"

ఇవాన్ చేతిలోని గన్నులోంచి నీళ్ళు బూట్ల మీద కారుతున్నా చూసుకోలేదు.

జకర్యా బంతిపూలు సమాధి మీద పెట్టి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఇనవడ్డదా ఆలిస్? నీ బిడ్డ గిట్లనే చెప్తది ప్రేమ సంగతి." తర్వాత ఇవాన్ వైపు చూశాడు. "రేపు ఆరాధన అయినంక మీ అమ్మానాన్నను తీస్కొని ఇంటికి రా. కూసోని మాట్లాడుకుందాం."

ఇవాన్ గొంతు సవరించుకున్నాడు. "మెషిన్ సుత తేవాల్నా అంకుల్?"

హదస్సా తల పట్టుకుంది.

"అది మంచిగనే ఉంది," అంది. "మీరు రాండ్రి."