మల్బరీ పిడి

మిట్టమధ్యాహ్నం... అయినా సులేమానియా నగరం మీద కాళరాత్రి కమ్ముకుంది! ఎడారి నుంచి లేచిన ఎర్రటి ధూళి సూర్యబింబాన్ని మింగేసింది. పొద్దు గుంకిందనుకుని గుడ్లగూబలు కూయసాగాయి. గొయ్జా కొండ మీద పిడుగుల మీద పిడుగులు...

ఆ కొండ కింద, జొరాబ్ ఆఘా నేలమాళిగలో, ఒక కపాలం కళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి!

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గాని, పిస్తోళ్ళ పిచ్చివాళ్ళ దగ్గర ఆ సామెత చెల్లదు. తేలికపాటి ప్లాస్టిక్ తుపాకులు సంతలో ఎన్ని ఉన్నా, పాత ఉక్కు వంపు కంటబడితే చాలు, వాళ్ళ అరచెయ్యి దురద పెడుతుంది. ఆ మోజే జొరాబ్ పన్నే వల. గోడల నిండా వేలాడే ప్రతి పిస్తోలులోనూ ఒక ప్రేతాన్ని బంధించి, వాటి బలంతో మృత్యువునే గుమ్మం బయట నిలబెట్టిన ఘోర మాంత్రికుడతడు!

ఈనాటి బలిపశువు రెబ్వార్. కుర్దుల పెష్మెర్గా దళంలో యోధుడైన మామగారు ఖిదిర్ పోయాక ఇంట్లో మిగిలిన బ్రౌనింగ్ పిస్తోలును, "అసలుదో కాదో చూసిపెడతా, తీసుకురా" అని జొరాబ్ అనగానే ఎగేసుకుంటూ తెచ్చిన వెర్రిబాగులవాడు. మనసు కీడు శంకించి అతని భార్య గలావేజ్ కూడా వెంట వచ్చింది.

"ఆహా, ఏం వంపు తమ్ముడూ! ఇన్నేళ్ళయినా దీన్ని మించింది పుట్టలేదు. కానీ మీ మామ చెక్కుకున్న ఈ మల్బరీ పిడి ఏంటయ్యా? అరబ్బు గుర్రానికి గాడిద జీను!"

"నేనూ అదే అంటుంటా ఆఘా. కంపెనీ పిడి ఉంటే ఆ అందమే వేరు."

"తియ్యొద్దు!" గలావేజ్ అరిచింది. "మా నాన్న చేతిలో అరిగిన చెక్క అది!"

"నీకేం తెలుసమ్మా వీటి విలువ?" జొరాబ్ నవ్వుతూ మరలు విప్పాడు. మల్బరీ చెక్కలను నేలమీద పారేసి, నిగనిగలాడే అక్రోటు పిడి బిగించాడు. సరుకు అచ్చంగా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలనే పట్టుదల అతనిది.

జొరాబ్ చల్లిన గుగ్గిలం నిప్పుల మీద భగ్గుమంది. పిస్తోలు అందుకున్న రెబ్వార్ చెయ్యి... తనంతట తానే... కణత దాకా లేచింది! అతని కళ్ళు భార్యను వేడుకున్నాయి.

"రా ఖిదిర్! ఈ ఉక్కులో దూరు! నీ అల్లుడి నెత్తురు తాగి నాకు బానిసవై పడి ఉండు!"

దభీమని కూలిన గలావేజ్ తిరిగి లేచింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఆమె కంఠంలోంచి పదిమంది మగవాళ్ళ గొంతులు!

"ఖిదిర్ ఎక్కడున్నాడురా ఇక్కడ? ఉన్నది మేం!"

"ఎ... ఎవరు మీరు?"

"ఈ గొట్టానికి ఎదురుపడి చచ్చినవాళ్ళం! ఇంతకాలం ఆ చెక్కలో ఉండి మమ్మల్ని అణచిపెట్టింది అతని చెయ్యే. దాన్ని నువ్వే ఊడదీశావు కదరా, పెద్దమనిషీ!"

జొరాబ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ గొంతులు వినగానే బందీ ప్రేతాలు తిరగబడ్డాయి. గోడల మీది పిస్తోళ్ళన్నీ మెల్లగా... ఒక్కటొక్కటిగా... అతని వైపు తిరిగాయి! తూటాలు లేని ఆ గొట్టాలన్నీ ఒక్కసారిగా గర్జించాయి! "కాపాడండి...!" అన్న కేక సగంలోనే తెగిపోయింది. మాంత్రికుడు నిలబడ్డ చోట గుప్పెడు బూడిద మిగిలింది.

గొంతులు వదిలిపోగానే గలావేజ్ తెప్పరిల్లింది. కానీ భర్త వేలు ఇంకా మీట మీదే బిగుసుకుంటోంది! ఆమె నేలమీద తడుముకుని మల్బరీ చెక్కలు అందుకుంది. "నాన్నా... నువ్వే దిక్కు!" అంటూ వాటిని అతని పిడికిలికి అదిమిపట్టింది. వేళ్ళు సడలాయి. పిస్తోలు జారి ఖంగున పడింది. ఆమె భోరున ఏడ్చేసింది.

అతని రెక్క పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చింది. అక్కడ రెబ్వార్ ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"గలావేజ్... ఆ అక్రోటు పిడితో ఎంత బాగుందో చూశావా? ఒక్కసారి... ఒక్కసారి పట్టుకుని వస్తా."

"అది కావాలా, నేను కావాలా?"

రెబ్వార్ ఆమె వంక చూశాడు. మళ్ళీ నేలమీది పిస్తోలు వంక చూశాడు.