హైడ్రాంజియాకి ఉప్పు

మిట్టమధ్యాహ్నం రూతు కుండీ దగ్గరకెళ్లి చూసేసరికి హైడ్రాంజియా ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి.

ఆ మొక్క పక్కింటి జ్ఞానమ్మ టీచరుగారిది. ఊటీలో నర్సుగా పనిచేసే చెల్లెలు ఇచ్చిన కొమ్మ. ఆ చలిదేశపు పూలమొక్కని రాజోలు ఎండల్లో బతికించడానికి టీచరుగారు మూడేళ్లు నానా అవస్థలూ పడ్డారు. కొబ్బరిచెట్ల నీడన పెట్టారు, చుట్టూ తడి గోనెపట్టా కట్టారు. ఈ వేసవిలోనే మొదటి మొగ్గ వేసింది. పరీక్ష పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్తూ, వారం రోజులు చూడమని రూతుకి అప్పగించారు. మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడొద్దని, చల్లబడ్డాక అవే లేస్తాయని, పొద్దున్నే నీళ్లు పోస్తే చాలని మరీ మరీ చెప్పారు.

చెప్పింది చెవికెక్కితే కదా. నాన్న ఏటా కొబ్బరిచెట్ల మొదట్లో ఉప్పు వేస్తాడు. కొబ్బరికి బలమైంది దీనికి మాత్రం కాదా అనుకుంది రూతు. వంటింట్లోంచి రెండు గుప్పెళ్ల రాళ్లుప్పు తెచ్చి కుండీలో వేసి, చెంబుడు నీళ్లు పోసింది.

నాలుగు రోజుల్లో ఆకులు మాడిపోయాయి. మొగ్గ నల్లబడి రాలిపోయింది.

టీచరుగారు వచ్చి కుండీ చూశారు. ఏమైందని అడిగారు. రూతుకి భయమేసింది.

"వీరాయమ్మ మామ్మ వేడి గంజి పోసేసిందండి," అనేసింది.

వీరాయమ్మ టీచరుగారింట్లో గిన్నెలు తోమే ముసలావిడ; ఆ వారం కూడా వాకిలి ఊడ్చి వెళ్లేది. తాను కాదని ఎంత మొత్తుకున్నా టీచరుగారు నమ్మలేదు. రేపట్నుంచి పనికి రావద్దన్నారు.

రూతుకి అన్నం సయించలేదు. మూడోరోజు వీరాయమ్మ ఇంటికెళ్లి నిజం చెప్పింది. వీరాయమ్మ తిట్టలేదు. తనకి చెబితే ఏం లాభం, టీచరుగారి ముందు చెప్పమంది. ఇద్దరూ కలిసే వెళ్లారు.

టీచరుగారు అంతా విన్నారు. తనదే తప్పని, మళ్లీ పనిలోకి రమ్మని వీరాయమ్మని బతిమాలారు.

"వద్దులెండి," అంది వీరాయమ్మ. "పదేళ్లు చేసేనండి మీ ఇంట్లో. నా మాట నమ్మలేకపోయేరు."

ఆవిడ వెళ్లిపోయింది. ఇంక ఆ గుమ్మం తొక్కలేదు.

మర్నాడు కాలవ రేవులో ఎవరో, వీరాయమ్మ చేతులారా మొక్కని చంపేసిందట అంటున్నారు. రూతుని ఎవరూ ఏమీ అడగలేదు. అయినా బిందె కిందపెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మామ్మ కాదండి. నేనండి."