సోఫాలో రెండో మనిషి

"ఐదా? పదికి ఐదా?"

తలుపు కూడా తట్టకుండా దూసుకొచ్చాడతను. జుట్టులోంచి వాన నీళ్లు కారి ఆమె కీబోర్డు మీద టపటపా పడుతున్నాయి.

ఆమె కీబోర్డు పక్కకి జరిపింది. "ముందు తల తుడుచుకోండి. తర్వాత దెబ్బలాడుకుందాం."

టైర్ల షాపు మీద మేడగదిలో ఉంది ఆ ఆఫీసు. వీడియో గేముల మీద సమీక్షలు వేసే చిన్న పత్రిక. అక్కడ ఆమెని అందరూ 'కత్తెర' అంటారు. పాఠకులు కోపంతో పెట్టిన పేరది. ఆమెకి తెగ నచ్చేసింది.

అతనో ప్రోగ్రామర్. కంప్యూటర్ల మీద జనం పిచ్చెక్కినట్టు ఆడే తుపాకుల ఆటని, టీవీ కింద పెట్టుకునే కన్సోల్‌లోకి దించినవాళ్లలో ఒకడు.

"మౌస్‌తో ఆడే ఆటని రెండు బొటనవేళ్లకి అలవాటు చెయ్యడమంటే ఏంటో తెలుసా మీకు? ఆ గురి కుదరడానికి ఎన్ని ఆదివారాలు తగలేశానో తెలుసా?"

"తెలుసు. రాశాను కూడా."

"ఎక్కడ?"

"అంకె కింద అక్షరాలుంటాయండీ. వాటినే సమీక్ష అంటారు."

ఆమె మానిటర్ అతని వైపు తిప్పింది. 'గురి వెన్నలా తిరుగుతోంది. ఎవరు చేశారో గానీ, మనుషుల వేళ్ల మీద ప్రేమున్నవాళ్లు' అని ఉంది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సగానికి దిగింది. "మరి... ఐదెందుకు?"

"మీ ప్రకటనలో ఏం చూపించారు? ఒక సోఫా, ఇద్దరు మనుషులు, టీవీ తెర చెరి సగం. తీరా ఆట పెడితే రెండో మనిషికి చోటే లేదు. మా నాన్న లిఫ్టు మెకానిక్. ఒళ్లు హూనమై ఇంటికొచ్చి కూడా నాతో సగం తెర పంచుకుని ఆడేవాడు. మీ ఆట కోసం కళ్లద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు. మెనూ అంతా గాలించి, 'నాకే కనబడట్లేదేమో అమ్మాయ్' అన్నాడు. ఆ మాటకి సగం మార్కులు కోసేశాను."

అతను కళ్లు దించుకున్నాడు. "మెషీన్ తట్టుకోలేదండీ."

"అది మీ మాటా, మీ కంపెనీ మాటా?"

అతను గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఎడిటర్ ఆమె బల్ల దగ్గరకొచ్చి నసిగాడు. "కంపెనీవాళ్లు ఫోన్ చేశారమ్మా. ఐదుని ఎనిమిది చెయ్యకపోతే ఇకమీదట ఆటలు ముందుగా పంపరట."

"బజార్లో కొనుక్కుని రాస్తాను. కాస్త లేటవుతుంది, అంతేగా?"

"మొండికెయ్యకే తల్లీ!"

"పోనీ నా పేరు తీసేసి మీ పేరు పెట్టుకోండి. ఎనిమిదేం ఖర్మ, పదే వేసుకోండి."

"నా పేరుంటే ఎవడు నమ్ముతాడు?"

"నన్నెందుకు నమ్ముతున్నారంటారు మరి?"

ఎడిటర్ బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు. ఐదు ఐదుగానే ఉండిపోయింది.

ప్రోగ్రామర్ మాత్రం వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"కంపెనీ పంపించిందా?" అందామె.

"లేదు. వానొస్తుంటే ఆగాను."

"బయట ఎండ మండిపోతోంది."

"అవునా? అయితే ఎండకి ఆగాను."

ఆమెకి నవ్వాగలేదు. అప్పట్నుంచి ఏ వంకా లేకుండానే వచ్చేవాడు. మేడమెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఆమె పాత సమీక్షలన్నిటి మీదా తగువు పెట్టుకునేవాడు. సోఫా మాటెత్తితే మాత్రం టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయేవాడు. అదే ఆమెకి ముల్లులా గుచ్చుకునేది.

ఇంతలో కంపెనీ ఆటగాళ్లతో పెద్ద సభ పెట్టింది. హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద కంపెనీ అధికారి, చివరి కుర్చీలో ప్రోగ్రామర్. వెనక వరసలోంచి ఆమె లేచింది.

"సోఫాలో రెండో మనిషి ఏమయ్యాడండీ?"

అధికారి చిరునవ్వు చెదరలేదు. "మెషీన్ తట్టుకోలేదు."

"ప్రకటనలో తట్టుకున్న మెషీన్‌కి ఇంటికొచ్చేసరికి నీరసమొచ్చిందా?"

హాలంతా గొల్లున నవ్వింది. అధికారి మొహం మాడింది. "ఓహో, ఐదు వేసిన మేడమా! ఆట చేతకానివాళ్లకే పక్కన తోడు కావాలి లెండి."

"నాకు ఆట వచ్చు. తోడూ కావాలి. రెండూ అడిగే హక్కుంది. జవాబు చెప్పండి," అంది, కూర్చోకుండా.

మైకు గరగరమంది. చివరి కుర్చీలోంచి ప్రోగ్రామర్ లేచాడు. మైకు నోటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"మెషీన్ తట్టుకుంది. ఆ రెండు సగాల తెర నేనే చేశాను. తీసేస్తే ఒకే ఇంట్లో ఇద్దరూ చెరో ఆట కొంటారని తీయించేశారు. ఆవిడ వేసిన ఐదు న్యాయమైన ఐదు."

హాలు దద్దరిల్లింది. అతను మైకు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

బయట జోరు వాన. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి అతను షెడ్డు కింద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"మతుండే చేశారా? ఉద్యోగం పోతే?"

"ఆ రోజు అడిగారుగా, ఎవరి మాటని. ఇది నా మాట. చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది."

ఆమె షెడ్డు కిందికి వచ్చి అతని పక్కన నిలబడింది. తర్వాత మెల్లగా అంది. "పోతే మా ఆఫీసుకి వచ్చెయ్యండి. కీబోర్డులు తడపడానికి మనిషి లేడక్కడ."

ఉద్యోగం పోలేదు. హాల్లోని మాటలు ఫోన్ల నిండా తిరిగి, ఆటగాళ్లంతా ఏకమై కంపెనీ మీద పడ్డారు. వేరే దారి లేక, తీసేసింది మళ్లీ పెట్టమని అతనికే పురమాయించారు.

అది సిద్ధమైన ఆదివారం అతను ఆమె ఇంటికొచ్చాడు. తెర రెండు సగాలైంది. నాన్నా, అతనూ ఒకే సోఫాలో ఒకే జట్టుగా కూర్చున్నారు. ఆమె వెనక నిలబడి చూస్తోంది.

"ఆ మూల నక్కినవాడెవడు బాబూ? ఇదిగో, అయిపోయాడు చూడు!" అన్నాడు నాన్న హుషారుగా.

"అది నేనేనండీ," అన్నాడతను దీనంగా. ఇంకాసేపటికి మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత అనడం మానేసి వెనక్కి తిరిగాడు. "ఇప్పుడెన్ని మార్కులు?"

"మార్కులు ఎడిటర్‌గారు వేస్తారు. మీ కంపెనీ ఆటలకి ఇకమీదట నేను సమీక్ష రాయనని చెప్పేశాను."

అతని మొహం పాలిపోయింది. "ఎందుకండీ? ఇంకా కోపమా?"

"చుట్టాల ఆటలకి మార్కులు వేస్తే జనం నమ్మరు."

"మనం చుట్టాలం కాదుగా?"

ఆమె చూపు తిప్పుకోలేదు, సూటిగా అతని కళ్లలోకే చూస్తోంది. మెల్లమెల్లగా అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో కంట్రోలర్ జారి ఒళ్లో పడింది.

నాన్న ఆట ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ముందే చెప్పొద్దుటే అమ్మాయ్! ఇందాకట్నుంచీ అల్లుణ్ణి కాల్చి చంపుతున్నాను!"