ఓబులేసు పెట్టుకున్న బెట్ట

ఆ ఇంట్లో పొద్దున కాఫీ గ్లాసుల కన్నా ముందు ఓబులేసు భుజం బయటికి వచ్చేది. అరుగు మీద కూర్చుని చొక్కా ఎడమ వైపు దించుకునేవాడు. కోడలు ఇంద్రాణి గూట్లోని డబ్బాలోంచి ఒక పట్టీ తీసి, తీర్థం ఇచ్చినంత భక్తిగా ఆయన చేతిలో పెట్టేది. బీడీ మానేవాళ్లకు డాక్టర్లు రాసే పట్టీ అది. ఒంటికి అతికిస్తే రోజంతా నికోటిన్‌ను కొంచెం కొంచెంగా లోపలికి వదులుతుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు ఓబులేసు నిద్ర లేవగానే అంటించినవాడే. ఇప్పుడూ అంటిస్తున్నాడు. అప్పుడు అగ్గిపుల్లతో, ఇప్పుడు జిగురుతో. అంతకు మించి జీవితంలో పెద్ద మార్పేమీ లేదని తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఈమధ్య ఆ నవ్వు లేదు. భుజమూ బయటికి రావడం లేదు. పట్టీ తీసుకుని, స్నానం చేసి అంటించుకుంటాలే అని జేబులో వేసుకుని లేచిపోతున్నాడు.

ఇంద్రాణికి కుతూహలం ఎక్కువ. బట్టలు ఆరేసేటప్పుడు కూడా ఆరా తీసే రకం. ఒక పొద్దున నీళ్ల తొట్టి దగ్గర మామ ఒళ్లు తుడుచుకుంటుంటే, దండెం మీది చీర సందులోంచి చూసింది. ఎడమ భుజం బోసిగా ఉంది. కుడి భుజమూ అంతే. నిన్నటి పట్టీ అతికిన చోట ఉండాల్సిన ఎర్రటి మచ్చ కూడా లేదు. డబ్బాలో పట్టీలు తగ్గుతున్నాయి, ఒంటి మీద మాత్రం లేవు. మరి పోతున్నది ఎక్కడికి?

ఆమెను తొలుస్తున్నది ఇదొక్కటే కాదు. డిసెంబరు చలికి కొత్తచెరువు వైపు ఊళ్లలో కుక్కలు కూడా పొయ్యి పక్కన చోటు వెతుక్కుంటుంటే, ఓబులేసు మంచం మోసుకెళ్లి వాకిట్లో రేకుల కింద వేసుకున్నాడు. లోపల ఉక్కపోస్తోందట. ఆ మాట చెప్పినప్పుడు ఆయన పళ్లు టకటకలాడుతున్నాయి.

పట్టీ లేకపోతే బీడీ ఉండి తీరాలి. ఇంద్రాణి మామ విడిచిన చొక్కా తీసుకుని జేబు వాసన చూసింది. తోటలోని చీనీ ఆకు, చెమట, మోటారు గ్రీజు. పొగ లేదు. సందు చివర బంకు తిప్పయ్యను మాటల్లో పెట్టి అడిగింది. మీ మామ నా బంకు కనపడకుండా వెనక వీధిలో తిరిగి పోతున్నాడని తిప్పయ్య నిష్ఠూరమాడాడు. అంటే పట్టీ లేదు, బీడీ లేదు. ఉన్నదల్లా కోపం. ఓబులేసు దూడతో పోట్లాడుతున్నాడు, స్టార్టరు డబ్బాతో పోట్లాడుతున్నాడు, సోమందేపల్లెలో డ్రిప్పు సామాన్ల షాపు నడిపే కొడుకు విష్ణువర్ధన్ ఫోను చేస్తే అవతల వాడు మాట్లాడకముందే పోట్లాడుతున్నాడు. గ్లాసు పట్టుకుంటే కాఫీ అలలు పోతోంది.

ఇంత జరుగుతున్నా అత్త వనజాక్షి ఒక్క మాట అడగలేదు. ఇంద్రాణికి అదే అన్నిటి కన్నా వింతగా తోచింది.

ఈ మానడం మొదలైందే వనజాక్షి వల్ల. ఎండాకాలంలో ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. బిందె ఎత్తితే ఆయాసం, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. కార్తీకమాసంలో అనంతపురం తీసుకెళ్తే డాక్టరు ఛాతీ ఫొటో చూసి, ఎన్నేళ్లుగా తాగుతున్నావమ్మా అని అడిగాడు. బీడీ కట్టను చీపురుతో తప్ప ముట్టని మనిషి ఏం చెబుతుంది? తల దించుకుంది. పక్క కుర్చీలో ఓబులేసు జేబులో కట్ట సగం బయటికి తొంగిచూస్తోంది. మంచం మీద తాగాడు, వంటింటి గడప మీద తాగాడు, ఆమె పక్కన కూర్చుని తాగాడు. ఆ వైపు బీడీ పీల్పునూ దమ్మే అంటారు, ఆయాసాన్నీ దమ్మే అంటారు. కొట్టింది ఆయన, వచ్చింది ఆమెకు. ఓబులేసు లేచి వెళ్లి ఆసుపత్రి గేటు దగ్గరి చెత్తడబ్బాలో కట్ట పారేసి వచ్చాడు.

ఆయన మళ్లీ తాగితే వనజాక్షి ఊపిరికి పూచీ లేదని డాక్టరు ఇంద్రాణితో విడిగా చెప్పాడు. పెద్ద పట్టీతో మొదలుపెట్టి, కొన్ని వారాలకు నడిమిది, ఆ తర్వాత చిన్నది, చివరికి ఏదీ లేకుండా దించుకుంటూ రావాలన్నాడు. ఒక్కసారిగా ఆపేస్తే మనసు మళ్లీ బీడీ మీదికే పోతుందన్నాడు.

అందుకే బోసి భుజం చూసినప్పటి నుంచి ఇంద్రాణికి కాలు నిలవలేదు.

సంక్రాంతి దాటిన వారంలో చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, తడి ఇచ్చే రోజు వచ్చింది. చీనీ సాగులో అదో పండగ. పూతకు ముందు తోటకు నీళ్లు పూర్తిగా కట్టేస్తారు. ఆకు వాడి, ముడుచుకుని, రాలేదాకా చూస్తారు. దాన్ని బెట్ట పెట్టడం అంటారు. చూసేవాళ్లకు గుండె తరుక్కుపోతుంది గాని, ఆ తర్వాత ఒక్కసారిగా నిండా నీళ్లు వదిలితే, దాహంతో ఉన్న చెట్టు ఒళ్లంతా పూస్తుంది. బెట్ట ఎంతకాలం పెట్టాలో, తడి ఏ పూట ఇవ్వాలో ఓబులేసును అడిగి చేసే రైతులు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

ఆ పొద్దున ఇంద్రాణి పట్టీ ఇస్తే, ఎప్పుడూ లేనిది ఇంకొకటి కూడా ఇమ్మన్నాడు. ఒకటి ఊడిపోయిందట. ఆమె అనుమానంగానే ఇచ్చింది. తోటకు ఎవరూ రానక్కర్లేదని చెప్పి ఒక్కడే పోయాడు.

మధ్యాహ్నం దాటినా తిరిగి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇంద్రాణి సంగటి, ఊరిబిండి పచ్చడి క్యారియరులో సర్దుకుని బయలుదేరితే, వనజాక్షి కూడా చెప్పులు వేసుకుంది. వద్దన్నా వినలేదు. గట్టు మీద రెండుసార్లు ఆగి, నడుముకు దోపుకున్న మందు తీసి నోట్లోకి పీల్చుకుని, మళ్లీ నడిచింది.

మోటారు ఆడుతోంది. పాదుల్లోకి నీళ్లు గలగలా పోతున్నాయి. ఓబులేసు మాత్రం షెడ్డు గోడకు చేరగిలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది, చలిగాలిలోనూ చెమటలు కారుతున్నాయి. పక్కనే వాంతి చేసుకున్నాడు.

వనజాక్షి వెళ్లి ఆయన ముందు కూలబడింది. చేసిన మొదటి పని, ఆయన కుడి చెయ్యి లాక్కుని వేళ్లు వాసన చూడడం. తర్వాత ఎడమ చెయ్యి. ఇంద్రాణి వైపు తిరిగి లేదన్నట్టు తల ఊపింది. అప్పుడు ఇంద్రాణి చొక్కా గుండీలు విప్పింది. ఎడమ భుజానికి ఒకటి, కుడి భుజానికి ఒకటి. రెండూ పెద్ద పట్టీలే.

ఊడబెరికి, అక్కడ నీళ్లతో కడిగి, డాక్టరుకు ఫోను కలిపింది. నీడలో కూర్చోబెట్టమని, నీళ్లు తాగించమని, ఛాతీ నొప్పి వచ్చినా స్పృహ తప్పినా వెంటనే తీసుకురమ్మని ఆయన చెప్పాడు. కాసేపటికి ఓబులేసు కళ్లలోకి మనిషి వచ్చాడు.

"ఏంది మామా ఇది?" అంది ఇంద్రాణి.

"బెట్ట."

"ఏం బెట్ట?"

ఓబులేసు నీళ్లు నమిలాడు. నమిలి, మింగి, మెల్లగా చెప్పుకొచ్చాడు. పట్టీలు వాడకుండా షెడ్డులో పాత ఫిల్టరు డబ్బాలో దాచాడు. అవి చెమ్మకు జిగురు పోతే, ఈ పొద్దున రెండు అడిగి తెచ్చుకున్నాడు. ఒంటికి బెట్ట పెట్టాడు. చేతులు వణికి, నిద్ర పట్టక, ఆకు వాడినట్టు వాడిపోయేదాకా ఓర్చుకున్నాడు. ఈ రోజు తోటతోపాటు తనకూ నిండా తడి ఇచ్చుకుంటే, ఒక్క దెబ్బతో కాపు తేలిపోతుంది, ఇక పట్టీలతో పనుండదు అనుకున్నాడు.

ఇంద్రాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నువ్వేమన్నా చీనీ చెట్టువా మామా?"

"పుట్టినప్పటి నుంచి చెట్లతోనే ఉండాను. మనిషి సంగతి నాకేం తెలుస్తాది?"

వనజాక్షి షెడ్డు గోడకు ఆనుకుంది. ఊపిరి కూడదీసుకుంటోంది.

"డాక్టరు నిదానంగా దించమని చెప్పినాడు గదా," అంది. "నీకు అంత తొందర యాడొచ్చె?"

ఆయన పాదుల్లో నీళ్ల వైపు చూశాడు.

"నా మొగం చూసి చెప్పు. మంచం బయటికి ఎందుకు ఏసుకుంటివి?"

"ఉక్కపోస్తాంటే..."

"పుష్యమాసంలోనా?"

ఇంద్రాణి వెళ్లి మోటారు ఆపేసింది. ఇక ఓబులేసు దాక్కోవడానికి చప్పుడు కూడా మిగల్లేదు.

"ఆ పట్టీలో ఉండేది గూడా పొగాకు సరుకే గదా వనజా," అన్నాడు చివరికి. "నా ఒంట్లోకి పోతాది. చెమటలో వస్తాది, ఊపిరిలో వస్తాది. పక్కన పండుకుంటే మళ్లీ నీకే తగులుతాది. ముప్పై ఏండ్లు తగిలించింది చాలదా? పట్టీల పని తొందరగా ముగించి, ఒళ్లు శుభ్రమైనాంక లోపలికి వద్దామనుకుంటి."

ఇంద్రాణి ఇన్నాళ్లుగా వాసన చూసిన చొక్కాలు, బంకు దగ్గర తీసిన కూపీలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుపడింది. మామ ఎక్కడ తాగుతున్నాడని వెతికింది గాని, దేనికి భయపడుతున్నాడని ఒక్కసారీ అడగలేదు. వెంటనే డాక్టరుకు మళ్లీ ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి అదే ప్రశ్న అడిగింది. పక్కన పడుకున్నవాళ్ల ఊపిరికి పట్టీతో ఏ ప్రమాదమూ లేదని, హాని చేసింది పొగ అని, పట్టీకి పొగ లేదని ఆయన ఓపిగ్గా చెప్పాడు. వాడి తీసేసినవి మడిచి, పిల్లలకూ పశువులకూ అందకుండా పారేయమన్నాడు. ఈ రోజుకు ఏదీ వద్దు, రేపు ఒకసారి చూపించుకుంటే నడిమి పట్టీతో మళ్లీ మొదలుపెడదాం అన్నాడు.

ఫోను పెట్టేశాక వనజాక్షి కొంగుతో ఓబులేసు మొహం తుడిచింది. మెత్తగా ఏమీ కాదు, గిన్నె తోమినట్టు తుడిచింది.

"నువ్వు చలిలో వణుక్కుంటా బయట ఉంటివి. నేను లోపల, అగ్గిపుల్ల గీకే చప్పుడు వినపడతాదేమోనని చెవులు పెట్టుకోని ఉంటి. ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది?"

"నువ్వు గూడా అడగల్యా."

"అడగల్యా," అంది వనజాక్షి. "అడిగితే తాగుతాండానని చెప్తావేమోనని భయపడితి."

ఓబులేసు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఆమె వాసన చూడలేదు.

కాసేపయ్యాక ఆమె తోట చివరి వరస వైపు చెయ్యి చూపించింది. అక్కడ నిరుడు నాటిన చిన్న మొక్కలకు డ్రిప్పు గొట్టం చుక్క చుక్కగా నీళ్లు వదులుతుంది. బెట్ట కాలంలో కూడా ఆ వరసకు ఆపలేదు.

"వాటికి బెట్ట పెట్టల్యా ఏమి?"

"ల్యాత మొక్కలకు యాడన్నా పెడతారా? ఎండి చచ్చిపోతాయి."

"నువ్వు బీడీ మాని ఎన్ని నాళ్లాయె? ఇంకా ల్యాత మొక్కవే నువ్వు. నీకు డ్రిప్పే."

ఆ చుట్టుపక్కల రైతులందరికీ బెట్ట చెప్పే మనిషి ఆయన. తన విద్యలోనే తను తప్పాడు. తలాడించి, సంగటి పెట్టమన్నాడు.

ఆ సాయంత్రం మంచం లోపలికి వచ్చింది. ఒక వైపు ఓబులేసు పట్టుకున్నాడు. రెండో వైపు పట్టుకోబోయిన వనజాక్షిని ఇద్దరూ కేకలేసి కూర్చోబెట్టారు. మర్నాడు అనంతపురం వెళ్లి వచ్చారు. ఆ తర్వాతి పొద్దున ఓబులేసు భుజం మళ్లీ అరుగు మీదికి వచ్చింది. ఇంద్రాణి పట్టీ తీసి మామ చేతికి ఇవ్వబోతే వనజాక్షి మధ్యలోనే అందుకుంది. ఇక మీద అంటించడం తన పని అంది. నమ్మకం లేకనా అని ఓబులేసు అడిగితే, అవును, లేకనే అంది. పట్టీ అతికించి, జిగురు పట్టేదాకా అరచెయ్యి గట్టిగా అదిమి ఉంచింది. అంతసేపూ ఏదో ఒకటి మాట్లాడక తప్పదు కదా. దూడ సంగతి, కొడుకు సంగతి, పూత సంగతి మాట్లాడుకున్నారు. పట్టీతో ప్యాచప్ అయిన సంసారం తమదొక్కటేనని విష్ణువర్ధన్ ఫోనులో నవ్వాడు. ఈసారి వాళ్ల నాయన పోట్లాడలేదు.

తోట పూసింది. ఆ వాసన కిటికీలోంచి వచ్చిన రోజు వనజాక్షి పొయ్యి దగ్గర నుంచి లేచి వెళ్లి, కిటికీ పట్టుకుని నిలబడి, ఛాతీ నిండా పీల్చింది. దగ్గు రాలేదు. ఇంకోసారి పీల్చి చూసింది. రాలేదు. దమ్ము పూర్తిగా పోలేదు గాని, మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతోంది.

పూత రాలి పిందె నిలిచింది. పిందె గోలీకాయంత అయ్యేసరికి నడిమి పట్టీలు పోయి చిన్నవి వచ్చాయి. ఆ తర్వాత చిన్నవీ అయిపోయాయి. ఖాళీ డబ్బాను ఇంద్రాణి గూట్లోంచి తీసేసింది.

మర్నాటి పొద్దున కాఫీలు తీసుకుని అరుగు మీదికి వస్తే, ఓబులేసు చొక్కా దించుకుని కూర్చుని ఉన్నాడు. ఇంక పట్టీ లేదన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. వనజాక్షి పక్కన కూర్చుని, ఆ బోసి భుజం మీద అరచెయ్యి పెట్టి, జిగురు పట్టేదాకా అన్నట్టు అదిమి ఉంచింది. దూడ ఈమధ్య సరిగా మేయడం లేదని చెబుతోంది.

ఇంద్రాణి గ్లాసులు చప్పుడు కాకుండా గడప మీద పెట్టింది. ఆరా తీయకుండా లోపలికి వెళ్లిపోయింది.