పేరడిగే బావి

పెద్దమందడి దాటి పడమటికి పోయే బండ్లబాట పక్కన, తుమ్మల నడుమ, పాడుబడిన మోటబావి ఒకటి ఉండేది. మా దిక్కు బావి అంటే దానికో పేరుంటుంది. తవ్వించినవాడి పేరో, అందులో పడి చచ్చినవాడి పేరో. ఈ బావికి మాత్రం ఏ పేరూ లేదు. పట్టపగలు కూడా జనం గదవ ఎత్తి అటు చూపించేవాళ్లు తప్ప నోటితో అనేవాళ్లు కాదు.

తనకు పేరు లేదు గానీ… వచ్చేపోయేవాళ్లను పేరడిగేదట. అదీ ఆడవాళ్లనే.

పొద్దుగూకాక ఆడది ఒంటిగా ఆ పక్కన నడిస్తే చాలు, లోపలి నుంచి వినబడేది —

"నీ మొగుని పేరేంది."

చెప్పినదాని మొగుడు బతకడు. చెప్పనిదాన్ని బావి పోనివ్వదు. మరి ఆడది ఏం చెయ్యాలి? ఆ సంగతి ఎవడూ ఆలోచించడు. రాత్రిపూట అటు పోకుంటే సరి అంటాడు.

ఇది ఎట్లా మొదలైందో నేను విన్నది విన్నట్టు చెప్తాను.

కొత్త కోడలు అత్తగారింటి గడప దాటేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడతారు గదా. మొగుని పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటారు. పిల్ల తల దించుకుని ఒక్కసారి గొణుగుతుంది. అంతే. ఇక చచ్చేదాకా ఆ పేరు ఆమె నోట రాకూడదు. వస్తే మొగుని ఆయుష్షు తగ్గుతుందట. మొగవాడు మాత్రం పెండ్లాన్ని రోజుకు నూరుసార్లు పేరు పెట్టి పిలవొచ్చు, పేరుకు తిట్టు తగిలించి పిలవొచ్చు. దానివల్ల ఎవరి ఆయుష్షూ తగ్గదు.

ఎప్పుడో పాతరోజుల్లో అట్లాంటి కొత్త కోడలొకతె, మొగుడు మోట కొడుతుంటే, సద్ది తెచ్చింది. ఆమె కండ్ల ముందరే తాడు తెగి అతను బావిలో పడ్డాడు. పిల్ల పక్క కళ్ళంలోకి ఉరికింది. అక్కడ మొగవాళ్లు జొన్నలు తూర్పారబడుతున్నారు.

"పడ్డడు… రాండ్రి."

"ఎవరు పడ్డరు పిల్లా."

"మా ఇంటాయన."

"ఏ ఇంటాయన? పేరు చెప్పు, వస్తం."

కొత్త పిల్ల, ఎవరి కోడలో తెలియదు. సరసమాడదామనుకున్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బావి దిక్కు చెయ్యి చూపిస్తూ నిలబడింది. వాళ్ల నవ్వులు అయిపోయేసరికి అక్కడ అతని పనీ అయిపోయింది.

ఆ రాత్రే ఆమె అదే బావిలో దూకింది. నవ్వినవాళ్లు మాత్రం ముసలివాళ్లయి, మంచాల మీదే చచ్చారు.

అప్పటి నుంచి… బావి అడగడం మొదలుపెట్టింది.

జర్మనీ లడాయి నడుస్తున్న రోజుల్లో ఆ పక్క ఊళ్లో బుజ్జమ్మ అని ఒకామె. మొగుడు కురుమయ్య. ఇద్దరూ దొర భూముల్లో కూలికి పోయేవాళ్లు, పిలిచినప్పుడల్లా వెట్టికి పోయేవాళ్లు. కాపురానికొచ్చి మూడేండ్లయినా బుజ్జమ్మ మొగుని పేరు ఎత్తి ఎరగదు. ఆ పేరే కాదు, ఆ పేరు తగిలే మాట కూడా అనేది కాదు. కురుమూర్తి జాతరను 'గుట్ట జాతర' అనేది. మంద తోలుకొచ్చే కురుమోళ్లను 'గొర్లోళ్లు' అనేది. అత్త సత్తెమ్మ అట్లా కట్టడి చేసి పెట్టింది.

ఒకరోజు దొర, కురుమయ్య నెత్తిన నెయ్యి కుండ పెట్టి పెద్దమందడికి తోలాడు. పొద్దుగూకే లోపల వచ్చేయాల్సిన మనిషి. రాలేదు.

"ఇంకా రాకపాయె అత్తమ్మా."

"దొర పని. నీ తల్లిగారింటికి పోయినట్టనుకున్నవా, నచ్చినప్పుడు లేచి వచ్చెతందుకు."

సత్తెమ్మ అట్లా అన్నదే గానీ ఆమె చెవులూ వాకిట్లోనే ఉన్నాయి. అన్నాలు చల్లారాయి. వాడంతా పడుకున్నది. బుజ్జమ్మ పోయి నాలుగిండ్ల తలుపులు తట్టింది. ఏ తలుపు దగ్గర అడిగినా ఒకటే మాట — "పొద్దుగాల చూద్దం లే. ఇప్పుడా బాటకు ఎవరొస్తరు."

బుజ్జమ్మ కందీలు ముట్టించింది. సత్తెమ్మకు రేచీకటి, గడప దాటలేదు. అక్కడే కూచుని కోడలి చెయ్యి తడుముకుని పట్టుకున్నది.

"ఏం వినబడ్డా పలకకు. పలికినా… పేరు ఎత్తకు. నా కొడుకు పాణం నీ నోట్ల ఉన్నది, యాదుంచుకో."

బాట మీద మనిషి పొడ లేదు. గాలి లేదు. నడుస్తూ బుజ్జమ్మ పిలిచింది —

"ఓయ్… ఏమయ్యా…"

ఇంకొంత దూరం పోయి మళ్లీ పిలిచింది. "ఓయ్…" అప్పుడే దూరాన చేలలో మంద కాడ వెలుగుతున్న మంట గబుక్కున ఆరిపోయింది. ఎవరో కావాలని ఆర్పినట్టే. ఆ తర్వాత అటు దిక్కు కుక్క కూడా మొరగలేదు.

తుమ్మలు వచ్చాయి. ఆమె తల తిప్పకుండా దాటిపోదామనుకున్నది. కానీ కందీలు వెలుగులో ఒక ముళ్లకంప మీద తెల్లగా ఏదో వేలాడింది. పొద్దున కురుమయ్య తలకు చుట్టుకుని పోయిన రుమాలు. దాని కింద నేల చెదిరి ఉంది. చెదిరిన మన్ను బావి అంచు దాకా పోయింది…

అక్కడ ఆగిపోయింది.

బుజ్జమ్మ మోకాళ్ల మీద పడి కందీలు లోపలికి వంచింది. రెండు నిలువుల కింద చీకటి. వెలుగు ఆ చీకటి పైనే ఆగింది.

"ఓయ్…"

అప్పుడు వినబడింది. ఆడో మగో చెప్పలేని గొంతు. తడిసిన గొంతు.

"ఎవరి కోసం వచ్చినవ్."

బుజ్జమ్మ నోరు విప్పకూడదనుకున్నది. విప్పింది.

"మా ఇంటాయన కోసం."

"ఇంటాయనలు అందరికీ ఉంటరు. పేరేంది."

"మా అత్త కొడుకు…"

"అత్తలు కూడ అందరికీ ఉంటరు."

లోపల నవ్వు. ఒక్క మనిషి నవ్వు కాదది. కళ్ళంలో పదిమంది కలిసి నవ్వినట్టు, బావి గోడలన్నీ నవ్వాయి. ఆ నవ్వు కింద ఎక్కడో… ఒక రాయి జారి నీళ్లలో పడిన చప్పుడు. నీళ్లు కదిలిన చప్పుడు. ఊపిరి అందనివాడు ఎగపీల్చినట్టు ఒక్క చప్పుడు.

ఉన్నాడు. లోపలే ఉన్నాడు.

"నీళ్లు సల్లగున్నయ్," అన్నది గొంతు. "పేరేంది."

బుజ్జమ్మ రెండు చేతులతో నోరు మూసుకున్నది. చెప్తే చస్తాడు. చెప్పకుంటే మునుగుతాడు. లేచి ఊళ్లోకి ఉరుకుదామంటే కాళ్లను నేల పట్టుకున్నట్టుంది. రాయి ఇంకోటి జారింది. అతను పట్టుకున్న రాయేమో…

"పేరేంది."

అప్పుడు బుజ్జమ్మకు భయం పోయి కోపం వచ్చింది. గడప కాడ కూచున్న అత్త మీద, తలుపు తియ్యని వాడ మీద, నెయ్యి కుండ మోయించిన దొర మీద, ఈ బావిలో ఉన్నదాని మీద. కూలి మనిషికి కోపం లేటుగా వస్తుంది గానీ, వస్తే కొదవ లేకుండా వస్తుంది.

"నువ్వు చెప్పలే గదనే," అన్నది లోపలికి వంగి. "నీ మొగుని పేరు నువ్వు చెప్పలే. బతికిండా మరి? చెప్పకనే సచ్చిండు గద."

బావి నవ్వడం ఆపింది.

"కురుమయ్యా," అన్నది బుజ్జమ్మ.

గడప మీద గొణిగిన తర్వాత ఆ పేరు తన గొంతులో వినడం అదే మొదలు. లోపల నుంచి మూలుగు వచ్చింది. ఈసారి మగ మూలుగే.

ఇక ఆమె ఆగలేదు. "కురుమయ్యా… ఓ కురుమయ్యా… పట్టుకో, ఇడువకు. ఓ కురుమోళ్లారా… ఎవరన్న రాండ్రి… కురుమూర్తి దేవుడా…" ఇన్నేండ్లు మింగినవన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. ఆ అరుపు ఊళ్లో సత్తెమ్మ దాకా వినబడిందంటారు.

చేలలో మంట మళ్లీ లేచింది. కాగడాలు పట్టుకుని, గొంగళ్లు ఎగరేసుకుంటూ మంద కాడివాళ్లు ఉరికొచ్చారు. ముందు వచ్చింది మల్లయ్య, ముసలి కురుమ.

"ఓయ్ ఓయ్ అంటుంటే దాన్నే అనుకున్నం బిడ్డా. మంట మీద మన్ను పోసి గొంగడి కప్పుకున్నం. పేరు పెట్టి పిలిచినంక తెలిసింది. దయ్యం పేరు అడుగుతది గాని ఎత్తది. ఎత్తేది మనిషే."

మోకులు వేసి ఇద్దరు దిగారు. నీళ్లపైన రాతి అంచుకు వేలాడుతున్న కురుమయ్యను నడుముకు కట్టి పైకి లాగారు. తెలివి లేదు. మూతి నిండా నెత్తురు. ఊపిరి ఉంది.

తెల్లవారేసరికి వాకిలి నిండా జనం. రాత్రి తలుపు తియ్యనివాళ్లందరూ వచ్చారు. కొడుకు బతికాడని సత్తెమ్మ ఏడ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, కోడలి చెంప మీద కొట్టింది.

"పేరు ఎత్తినవంట."

"ఎత్తిన."

"నీ నాలుక కొయ్య. ఎందుకెత్తినవే."

"ఆయనే అడిగిండు అత్తమ్మా." బుజ్జమ్మ తెల్లవారేదాకా మొగుని తల ఒళ్లో పెట్టుకుని ఆలోచించి తేల్చుకున్న మాట అది. "నేను ఓయ్ అనంగనే నన్ను దయ్యమనుకున్నడు. నేను ఆయన్ను అనుకున్న. మనిషినో కాదో తెల్సుకోనీకి పేరు అడిగిండు. గంతే."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్నేండ్లు గిందుకేనా భయపడ్డది అన్నారు. మొగుడూ పెండ్లాం ఒకరికొకరు దయ్యాలయ్యారని వాకిలంతా నవ్వు లేచింది.

విరిగిన ఎముకలకు కట్టు కట్టే చోటే మియా ఒక్కడే నవ్వలేదు. ఉడుకునీళ్లతో నెత్తురు తుడిచి, కురుమయ్య గదవ కింద రెండు బొటనవేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. నోరు కొంచెం తెరిచి లోపలికి చూశాడు.

"ఎవరు అడిగిండ్రంటున్నవ్ బిడ్డా."

"ఈయనే. బావి లోపలికెల్లి."

"దవడ రెండు దిక్కుల విరిగింది. నాలుక పండ్ల నడుమ పడి సగం తెగింది. బావిల పడంగనే అయినయ్ ఇవి, నెత్తురు ఎట్ల గడ్డకట్టిందో చూడు." చోటే మియా చేతులు తుడుచుకున్నాడు. "ఈ నోట్లకెల్లి మూలుగు వస్తదేమో గాని… మాట రాదు."

వాకిట్లో నవ్వు ఆగిపోయింది.

కురుమయ్య కండ్లు తెరిచాడు. బుజ్జమ్మ మీదికి వంగింది.

"నువ్వు అడగలేదా."

లేదన్నట్టు చెయ్యి ఆడించాడు.

"మరి ఇన్నవా. బావిలకెల్లి అడుగుతుంటే ఇన్నవా."

మళ్లీ కాదన్నట్టు చెయ్యి ఆడించాడు. బావిలోంచి కాదు… పైకి చూపించాడు. పైన, అంచు మీద. రెండు వేళ్లు ఎత్తాడు — ఇద్దరు. ఒక వేలు బుజ్జమ్మ దిక్కు తిప్పాడు. ఇంకో వేలు మెల్లగా ఆమె భుజం పక్కకు తిప్పి అక్కడే నిలిపాడు. చూపు కూడా అక్కడే నిలిపాడు.

అక్కడ ఎవరూ లేరు.

సత్తెమ్మ కూచున్నచోటే వెనక్కి జరిగింది. బుజ్జమ్మకు ఆ భుజం మీద కొంగు తడిసి ఉంది.