ఒక్క పిసరు వాల్యూమ్

"ఈ రేడియో స్టేషన్‌లో సౌండ్ చూసేవాళ్ళకి చెవులు లేనట్టున్నాయండీ," అన్నాడతను ట్యూనర్ ముల్లు తిప్పుతూ.

కౌంటర్ అవతల నిలబడ్డ అమ్మాయి జుట్టు వెనక్కి తోసుకుని, తల అటోసారి ఇటోసారి తిప్పి చూపించింది.

"రెండున్నాయి. సరిపోతాయా, ఇంకోటి పెట్టించుకోమంటారా?"

ఆమె ఆ స్టేషన్‌లోనే సౌండ్ ఇంజనీరు. ఆ ఆడియో కొట్టు యజమాని అయిన అతని బాబాయి, ఏమీ విననట్టు, తుడిచిన స్పీకరునే మళ్ళీ తుడవసాగాడు.

"అంటే, నా ఉద్దేశం..."

"మీ ఉద్దేశం కరెక్టే. పాటలన్నీ నొక్కిపెట్టి వదులుతున్నాం. మెల్లగా పాడినా గొంతు చించుకున్నా ఒకేలా మోగుతుంది. కార్లలో గట్టిగా వినిపించాలని మా మేనేజర్ పట్టు. ఇళ్ళలో ఎలా ఉంటుందో ఆయనకి వినిపించాలి. అందుకే ట్యూనర్ కోసం వచ్చా."

"ఆయన్ని ఇక్కడికే తీసుకురండి. అన్నిటితో పోల్చి వినిపిద్దాం," అనేశాడతను. చెవుల మాట వెనక్కి తీసుకోవడానికి ఆ క్షణంలో అంతకంటే ఏమీ తోచలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆమె కొట్టుకి రావడం మొదలుపెట్టింది. ఒకే పాటని ఒకే స్పీకర్ల మీద రికార్డులో, సీడీలో, ఫోన్లో, ట్యూనర్లో వినేవారు. రికార్డులో చిటపటలున్నా గొంతు ఎదురుగా కూర్చున్నట్టుండేది. ఫోన్లో అంతా శుభ్రంగా ఉన్నా అతనికి రుచించేది కాదు. ఆమెకి అదే నచ్చేది. దానిమీద రోజూ తగువు. సీడీ దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ట్యూనర్‌ది వేరే గోల. బయట వాన మొదలైతే చాలు, బుస్సుమనేది. అతను యాంటెనా తీగ పట్టుకుని కొట్టంతా తిరిగేవాడు.

"ఆగండి. అక్కడే. ఇప్పుడు బావుంది."

"ఎంతసేపిలా?"

"పాట అయ్యేదాకా. మీకు కుదురుగా నిలబడటం రాదా?"

రాదు. ఆమె అలా కళ్ళార్పకుండా చూస్తుంటే అసలే రాదు.

ఒకరోజు వైర్లు చుట్టిపెడుతూ ఆమె మామూలుగా చెప్పేసింది. "వేరే ఊరి స్టేషన్ వాళ్ళు రమ్మంటున్నారు. మేనేజర్‌కీ చెప్పాను. ఆ నొక్కుడు తియ్యడానికి ఆయన ఒప్పుకోకపోతే సోమవారం వెళ్ళి చేరిపోతాను."

ఇక అతనికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. హెడ్‌ఫోన్లు అడిగినవాడికి స్పీకర్ వైరు ఇచ్చాడు. "కాలుకాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరగడం?" అన్నాడు బాబాయి. అతను ఇంకో చుట్టు తిరిగాడు.

శనివారం మేనేజర్ వచ్చాడు. స్టేషన్‌లో ఒక సీడీ మొత్తం వేయించే ఏర్పాటు చేసింది ఆమె. అదే సీడీ కొట్టులోనూ, ఏ నొక్కుడూ లేకుండా, తిరుగుతోంది. మేనేజర్ యంత్రాలకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏది మోగుతోందో ఆయనకి తెలియదు.

ఒకసారి ట్యూనర్‌కి, ఒకసారి సీడీకి మార్చేది అతనే. సీడీకి మార్చినప్పుడల్లా అతని వేలు వాల్యూమ్ నాబ్‌ని ఒక్క పిసరు పైకి తిప్పింది. కాస్త గట్టిగా మోగేదే ఎవరికైనా బాగున్నట్టనిపిస్తుందని అతనికి తెలుసు.

"ఈ రెండోదే బావుంది," అన్నాడు మేనేజర్.

అతని గుండె తేలికపడింది. ఆమె మాత్రం లేచి నిలబడింది.

"ఇది లెక్కలోకి రాదు సార్. దానికి వాల్యూమ్ కొంచెం ఎక్కువైంది." అతని వైపు చూడకుండానే వచ్చి, రెండూ సమానం చేసి, తనే మార్చడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు పెద్ద తేడా తెలియట్లేదమ్మా," అన్నాడాయన.

అతను సీడీ డబ్బా తెరిచి మూశాడు.

"పర్లేదు సార్. ఊరికే వింటూ ఉండండి," అంటూ ఆమె ట్యూనర్ మీద వదిలేసింది. మేనేజర్ బాబాయితో కబుర్లలో పడ్డాడు. నాలుగు పాటలయ్యేసరికి కణతలు రుద్దుకుంటూ, "కాస్త తగ్గించమ్మా, తల బరువెక్కుతోంది," అన్నాడు.

ఆమె తగ్గించలేదు. సీడీకి మార్చింది. ఆయన కబుర్లు ఆపేశాడు. ఇంకో నాలుగు పాటలు కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇప్పుడు తగ్గించమంటారా సార్?"

"ఎందుకూ, హాయిగా ఉందిగా."

"వాల్యూమ్ అంతే ఉంది సార్. ముందు విన్నది మన స్టేషన్, ఇది సీడీ."

మేనేజర్ యంత్రాల వైపు తిరిగి చూశాడు. "సాయంత్రం ప్రోగ్రాములకి ఆ నొక్కుడు తీసెయ్," అని లేచాడు. "ఆ వేరే ఊరి స్టేషన్ వాళ్ళకి రాలేనని చెప్పెయ్."

"చెప్తాను సార్," అంది ఆమె.

ఆయన వెళ్ళాక ఆమె అతని వైపు తిరిగింది. బయట వాన అందుకుంది.

"ఎందుకు చేశారా పని? ఆయన కనిపెట్టి ఉంటే నా మాట మళ్ళీ నమ్మేవాడా?"

"తప్పే. మీరు వెళ్ళిపోతారని భయమేసింది."

"వెళ్తే?"

"నేనిక్కడ ఉండలేను." చెప్పాక ఆ మాట అతనికే విచిత్రంగా వినిపించింది. అయినా దిద్దుకోలేదు.

ఆమె కోపంగా ఉండాలనే చూసింది. పెదవులు మాట వినలేదు.

"ఆ మాట నన్ను అడగాలి. నాబ్‌ని కాదు."

"ఇప్పుడడగనా? ఉంటారా?"

"ఊళ్ళో అయితే ఉంటున్నానుగా. మీతో అంటారా, రేపు మా ఇంటికొచ్చి మా అమ్మనడగండి. ఆవిడ మా మేనేజర్ కంటే మొండిది."

లోపలి నుంచి బాబాయి గొంతు వినిపించింది. "రేపు కొట్టు నేను చూసుకుంటాలేరా. పిన్నిని కూడా వెంట తీసుకెళ్ళు."