లక్ష్మన్న రెండో సూది

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. చేటలో బియ్యం ఉంటే చేతులతో ఏరుకోండి, నోళ్లు మాత్రం కాసేపు మూసుకోండి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్లు ఇప్పుడే పోయి దించి రండి. మధ్యలో లేస్తే నేను మళ్లీ మొదటి నుంచి చెప్పను. ఇది నవ్వే కథో ఏడ్చే కథో నన్నడగొద్దు. చచ్చిపోయిన మూడు నెలలకు ఒక మనిషి కరోనా సూది వేయించుకున్న కథ ఇది. ఇందులో అబద్ధముంటే నా నాలుక ఆలూరు ఎండలో వడియంలా ఎండిపోవాలి.

రెండో కరోనా వచ్చిన ఏడాది, ఆగస్టు నెల. ఆలూరు పక్క పల్లెలో గిడ్డమ్మ పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టె కాలుస్తోంది. డిగ్రీ చదివే కూతురు శివజ్యోతి సెల్‌ఫోన్ పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

"ఏమయింది పాపా?"

"అమా... నాయన పేరు మీద మెసేజి వచ్చిండాది."

"ఏమని?"

"లక్ష్మన్నకు రెండో డోసు టీకా ఏసినారంట. అభినందనలంట. నిన్న మధ్యాన్నం, కల్లూరు బడిలో."

పెనం మీద రొట్టె మాడింది. ఆ పొగలోనే గిడ్డమ్మ మెల్లగా, ఎవరైనా వింటే ఆ మాట పోతుందేమో అన్నట్టుగా అంది.

"నేను చెప్తానే ఉండా గదా... మీరు ఇనలేదు."

లక్ష్మన్న గిడ్డమ్మ భర్త. నాలుగెకరాల మెట్టచేను, నలభై ఎకరాల నోరు. వాన రాని ఏడు కూడా అతని నోట్లో పంట ఎండేది కాదు. ఏప్రిల్‌లో ఊరికి మొదటిసారి టీకా వస్తే ఒక్కరూ ఇల్లు దాటలేదు. సూది వేసుకుంటే మగవాళ్లు మగవాళ్లుగా ఉండరని, ఆడవాళ్లకు మీసాలొస్తాయని పుకారు. లక్ష్మన్న అందరికంటే ముందు పోయి కుర్చీలో కూర్చున్నాడు. మరునాడు రచ్చకట్ట మీద అతని మాటలు వినాల్సిందే. "రేతిరి చేనికి పోతే అడవిపందులు వచ్చినాయప్పా. నా చెయ్యి వాసన చూసినాయి. పెద్దపంది అనింది గదా, పిల్లలూ, ఈయప్ప సర్కారు మనిషి, ఈ చేను మనకొద్దు అని. దండం పెట్టి పోయినాయి." ఊరు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పోయి వరసలో నిలబడింది. ఒక్క రోజులో డెబ్బై మంది. గిడ్డమ్మ కూడా ఆ రోజే వేయించుకుంది. లక్ష్మన్నను కన్నతల్లి వెంకటేశ్వరమ్మ మాత్రం కదల్లేదు. "కాటికి కాళ్లు చాపుకున్న నాకెందుకురా, ఆ మందు ఇంకొకరికి పనికొస్తాది" అని ఊరుకుంది.

మే నెలలో పొరుగింటి బొజ్జన్నకు ఊపిరాడకపోతే, ఎవరూ ముట్టని మనిషిని లక్ష్మన్న ఎత్తుకుని ఆటోలో వేసుకుని కర్నూలుకు పోయాడు. బొజ్జన్న బతికి వచ్చాడు. పది రోజులకు లక్ష్మన్న అదే దారిలో పోయాడు. తిరిగి రాలేదు.

ఇంట్లో మిగిలిన ముగ్గురు ఆడవాళ్లకూ అప్పుడు జ్వరం. గడప దాటనివ్వలేదు. కల్లూరులో ఉండే ఆడబిడ్డ తిరుపతమ్మ మొగుడు ఒక్కడే పోయి, ఇరవై అడుగుల దూరంలో నిలబడి, తెల్లటి మూట ఒకటి బండిలోకి ఎక్కించడం చూశాడు. ముఖం అతనూ చూడలేదు. నిప్పెవరు పెట్టారో తెలియదు. చివరిసారి పసుపు నీళ్లు పోయలేదు, నోట్లో బియ్యపు గింజలు వేయలేదు, మీద పడి ఏడవలేదు... కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు చూడకుండా మనిషి పోయాడంటే ఎట్లా నమ్మేది?

గిడ్డమ్మ నమ్మలేదు. గాజులు తీయనంది. పదకొండో రోజు చేయించనంది. "మొకం చూడని సావు నాకు సావు గాదు" అని గదిలో కూర్చుని తలుపు వేసుకుంది. రోజూ నాలుగు కంచాలు పెట్టేది. నాలుగో కంచంలో సంగటి గట్టిపడి పగుళ్లు వచ్చేది. పట్టపగలు, ఎండ నిలువునా కాసే వేళ, పెరట్లో పశువుల మేతకు పెట్టిన శెనక్కాయల కట్టె వామి వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించేది. పోయి చూస్తే ఉడతలు.

ఇంకొకటి ఉంది. ఆసుపత్రి నుంచి లక్ష్మన్న కూతురి ఫోనుకు మాట రికార్డు చేసి పంపాడు. "జ్యోతీ, కరోనా నా పక్క మంచంలోనే పండుకోనుండాది. లక్ష్మన్నా, నీ కతలు ఇనలేక సస్తాండా, నన్ను ఇంటికి పంపియ్యప్పా అంటాది." ఆ తర్వాత రొప్పు. ఆ రొప్పు వెనక, దూరంగా, ఇంకెవరో పడీ పడీ నవ్వడం. అంతే, ఆగిపోతుంది. గిడ్డమ్మ ప్రతి మధ్యాహ్నం అది పెట్టించుకుని వినేది.

"నవ్వినోడు యాడో బతికే ఉంటాడు గదా పాపా. నవ్వినోడు బతికుంటే, నవ్వించినోడు ఎట్ల పోతాడు?"

పిల్ల ఆ రికార్డు మళ్లీ మొదటి నుంచి పెట్టేది.

అత్తా కోడళ్ల మధ్య మాటలు తెగిపోయి మెసేజి వచ్చేనాటికి నెల. ఒకరోజు వెంకటేశ్వరమ్మ ఆ నాలుగో కంచం తీసి కుక్కకు పెట్టేసింది. "వాడు పోయినాడు గిడ్డీ. గాజులు తీసెయ్, వాణ్ణి పోనీ" అంది. కన్నతల్లి నోట ఆ మాట! "కొడుకు పెండ్లాం చెయ్యి ఒట్టిది చెయ్యాలని చూస్తాండావా అత్తా? నువ్వు కన్నతల్లివేనా?" అని గిడ్డమ్మ అరిచింది. శ్రావణం రాగానే ముసలామె మూట కట్టుకుని కల్లూరుకు, కూతురింటికి వెళ్లిపోయింది. కొడుకిల్లు వదిలేసి కూతురింట కూడు తింటోందని గిడ్డమ్మ ఊరంతా చెప్పుకుంది.

అట్లాంటి ఇంటికి వచ్చింది ఆ మెసేజి.

తెల్లవారి మొదటి బస్సుకే తల్లీ కూతుళ్లు బయల్దేరారు. గిడ్డమ్మ పెళ్లినాటి చీర కట్టుకుంది. సంచిలో లక్ష్మన్న చొక్కా, నాలుగు రొట్టెలు, శెనక్కాయల పొడి సర్దుకుంది.

"యాడికమ్మా?" అని కండక్టరు అడిగాడు.

"కర్నూలుకు. పోయేటప్పుడు రెండు టికెట్లు. వచ్చేటప్పుడు మూడు."

"వచ్చేటప్పటి సంగతి వచ్చేటప్పుడు సూద్దాంలేమ్మా" అన్నాడతను.

శివజ్యోతి కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ఫోనులో సర్టిఫికెట్టు మళ్లీ మళ్లీ చూస్తోంది. ఆధారు నంబరు నాయనదే. ఇంట్లో అందరినీ తన ఫోను నంబరు మీదనే రాయించింది తనే. తప్పు ఎక్కడో జరిగిందని పిల్లకు తెలుసు. కానీ, ఎక్కడో మూలన, ఆవగింజంత... నాయన ఎవరినైనా ఏమార్చగలడు కదా, చావును మాత్రం ఏమార్చలేడా అనిపించింది. ఆ ఆవగింజ కోసమే అమ్మను ఆపలేదు.

కర్నూలులో దిగి షేర్ ఆటో ఎక్కి కల్లూరు బడికి చేరేసరికి పదిన్నర. ఆ రోజు కూడా సూదులు వేస్తున్నారు. నర్సు మధులత సెల్‌లోని సర్టిఫికెట్టు చూసి, ముందు రోజుల కాగితాలు తిరగేసింది. వేలు ఒకచోట ఆగింది.

"ఈ కార్డా... బాగా గుర్తుందమ్మా."

"గుర్తుండాడా?" గిడ్డమ్మ రెండు చేతులతో బల్ల పట్టుకుంది. "ఎట్లుండాడు తల్లీ? చిక్కిపోయినాడా? నవ్వించినాడా నిన్ను?"

మధులత అయోమయంగా చూసింది. "మగమనిషి కాదమ్మా. ముసలామె. మొన్న మధ్యాన్నం నెట్టు రాలేదు. కార్డులన్నీ ఒకచోట పెట్టుకుని సూదులేసేసినాం, సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించినాం. ఈమెదే ఆఖరు. మూతికి మాస్కు, నెత్తిన కొంగు. కార్డు చూడలేదు నేను. చూసింటే పొడిచేదాన్ని కాదు."

"ముసలామెనా?"

"ఊ. చెయ్యి చాపి ఒక మాట అనింది, అందుకే గుర్తుంది. మా పిల్లోనికి సూదంటే శానా భయం తల్లీ, నా ఎనకనే నిలబడుకోనుండాడు, మెల్లగా పొడుచు అనింది." మధులత గొంతు తగ్గింది. "నేను వెనక్కి చూసినా. ఎవరూ లేరు."

గిడ్డమ్మ బల్ల వదిలేసింది. ఊరంతటినీ నవ్వించి వరసలో నిలబెట్టిన మొగుడికి సూదంటే భయమని ఇరవై రెండేళ్లు కాపురం చేసిన తనకు తెలియదు. అది తెలిసినవాళ్లు లోకంలో ఒక్కరే ఉన్నారు.

ఆడబిడ్డ ఇల్లు నాలుగు వీధుల అవతల. వెంకటేశ్వరమ్మ నులక మంచం మీద జ్వరంతో ముడుచుకుని పడుకుని ఉంది. ఎడమచెయ్యి జబ్బ దగ్గర వాచి ఉంది. కోడలి పెళ్లిచీర చూసింది, చేతిలో సంచి చూసింది. అంతా అర్థమైపోయింది.

"మెసేజి వస్తాదని నాకు తెలీదు గిడ్డీ. తెలిసింటే ఏసుకోకపోదును. నీకు ఆశ పెట్టి సంపుదామని గాదు..."

"ఎందుకు అత్తా? నీకు నువ్వు వద్దన్నావే... ఆయన పేరుతో ఎందుకు?"

ముసలామె ఇంటి విషయం చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది.

"మా మామ ఉరుకుంద ఈరన్న సామికి తలనీలాలిస్తానని మొక్కి, ఇయ్యకుండానే పోయినాడు. ఆరు నెలలు ఇంట్లో ఎవరికీ నిద్దర లేదు. కడాకు మీ మామ పోయి ఆయన పేరు చెప్పి గుండు గీయించుకున్నాడు. అప్పుడు తెరిపాయె. పోయినోళ్లది మిగిలిపోతే ఉన్నోళ్లు తీర్చాల గదా. నా కొడుకు రెండు సూదులకు ఒప్పుకోని, ఒకటేసుకోని పోయినాడు. అదొక్కటే వాడు మొదలుపెట్టి ముగించనిది. మన ఊర్లో అయితే అందరికీ తెలుసు, ఏయరు. ఈడ నన్నెవరికి తెలుసు? అందుకే వాని ఆధారు కార్డు మూటలో పెట్టుకోని ఈడికి వచ్చినా."

"అత్తా..."

"వాడు దావలో నిలబడుకోనుండాడు గిడ్డీ. నువ్వు రోజూ కూటికి పిలుస్తాండావు. ఈ తట్టుకు రాలేడు, ఆ తట్టుకు పోలేడు. మధ్యాన్నమైతే వామి ఎనకాల గొంతు సవరించుకుంటాడు. నీకు చెప్తే భయపడతావని నేను..."

ఇన్నాళ్లూ ఆ గొంతు తనకొక్కదానికే వినిపిస్తోందని గిడ్డమ్మ అనుకుంది. తన గది గోడకు అటు పక్కన ఈ ముసలితల్లి కూడా నోట్లో కొంగు కుక్కుకుని వింటూ ఉందా? తను నాలుగో కంచం పెట్టి ఏడిస్తే, ఈమె ఆ కంచం తీసేసి ఏడ్చిందా? కన్నతల్లివేనా అని అడిగిన నోరు ఇదేనా?

"నాకు గూడా ఇనపడతాదత్తా" అని ఆమె కాళ్ల మీద పడిపోయింది. "మూన్నెల్లుగా ఇనపడతానే ఉండాది..."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ముఖం చూడని శవానికి మూడు నెలలుగా దాచిపెట్టిన ఏడుపంతా ఆ నులక మంచం మీద పోశారు. మధ్యలో శివజ్యోతి ముక్కు తుడుచుకుంటూ అంది, "అవ్వా, నాయనకు రెండు డోసులూ అయిపోయినాయి. సర్కారు లెక్కలో ఇంక విమానం గూడా ఎక్కొచ్చు."

ముందు ముసలామె పొట్ట నవ్వుతో కదిలింది. తర్వాత గిడ్డమ్మ. కన్నీళ్లతోనే, ఊపిరి అందనంత నవ్వు... మే నెల తర్వాత ఆ కుటుంబంలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. అంతలో నవ్వు ఆగిపోయింది. ముగ్గురూ ఒకేసారి వాకిలి వైపు చూశారు. ఎవరూ లేరు. ఎవరి కోసం చూశారో ఎవరూ అడగలేదు.

మరునాడు పొద్దున్నే తుంగభద్ర ఒడ్డున గిడ్డమ్మ గాజులు తీసింది. అత్తే దగ్గరుండి, చెయ్యి నొప్పెట్టకుండా, ఒక్కొక్కటే జారవిడిచింది. తిరుగు బస్సులో ముగ్గురున్నారు. మూడు టికెట్లే కొన్నారు.

నెల తిరిగాక ఊరి బడికి మళ్లీ టీకా వచ్చింది. అప్పటికి ఈ సంగతి ఊరంతా పాకింది. గిడ్డమ్మ బోసి చేతులతో అత్తను నడిపించుకుంటూ పోయి వరసలో నిలబడింది. "నాకెందుకే" అని ముసలామె గొణిగితే, "నువ్వూ పోతే ఆయనను తలుచుకోని నాతో ఏడ్చేదెవరు? గమ్మున నడువు" అంది. రాసుకునే అమ్మాయి తలెత్తింది.

"అవ్వకు మొదటిదా, రెండోదా?"

వరసంతా చెవులు రిక్కించింది. గిడ్డమ్మే చెప్పింది.

"ఆయమ్మ పేరు మీద ఇదే మొదటిది. కల్లూరులో ఏసుకున్నది మా ఆయనది. మా ఆయన... పోయినాడమ్మా. మే నెలలో పోయినాడు."

ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. రాసుకునే అమ్మాయి కలం ఆగిపోయింది. వరసలో ఒక్కరూ కదల్లేదు. మగవాళ్లు నెత్తిన తువాళ్లు తీశారు. వేపచెట్టు మీద కాకి కూడా అరవలేదంటే నమ్మండి. ఆ నిశ్శబ్దంలో, అందరికంటే వెనక నిలబడిన డెబ్బై ఏళ్ల కంబన్న గొంతు పెంచి అడిగాడు.

"ఏమ్మా, అట్లా ఏస్తారని తెలీక అడుగుతాండా... మా తాత మశూచి టీకా ఏసుకోకుండానే పోయినాడు, ఆయన కార్డు లేదు గానీ చుట్టపెట్టె ఉండాది, అది తెస్తే ఏస్తారా?"